ఆరు పోగులు

గొనాబాద్‌లో ఆబాన్ నెల. చెయ్యి కొరికే చలి.
పొద్దెక్కేలోగా కోసెయ్యాలి,
ఎండ తగిలిన పువ్వులోంచి పోగు సుళువుగా రాదు.
నడుం వంచిన ఆడవాళ్ల వెనకే
నేనూ వంగి నడుస్తున్నాను,
మెడలో భూతద్దం, చంకలో మంచు డబ్బా,
మష్హద్ నుంచి దిగిన పూల డాక్టరమ్మని.
తూబా ఖాలాకి నా వయసుకి రెట్టింపు.
ఆమె ఒడి అప్పటికే ఊదా గుట్ట.

“ఇవన్నీ తెల్లారుజామున పుట్టినవే” అంటుంది.
కాదు ఖాలా.
ఇవి నడివేసవిలో పుట్టాయి,
నేల నోరు తెరిచిన రోజుల్లో,
జానెడు లోతున
పీచు చొక్కా తొడుక్కున్న దుంప లోపల.
ఆకు లేదు, వేరు లేదు, తడి లేదు.
పైన నలభై డిగ్రీలు, కింద ఇరవై అయిదు,
ఆ తేడాలోనే దాని బతుకంతా.
ఆవగింజలో పదోవంతు లేని మొగ్గ కొన
అక్కడ తేల్చుకుంటుంది:
ఈ ఏడు ఆకులతో సరిపెట్టుకోవాలా,
పువ్వు దాకా పోవాలా.

పోదామనుకుంటే మూడు జట్ల జన్యువులు లేస్తాయి.
మొదటిదీ రెండోదీ కలిసి పలికితే ఊదా రేకు.
రెండోదానికి మూడోది తోడైతే పసుపు కేసరం.
మూడోది నడిమధ్యన
ఎవరి తోడూ లేకుండా పలికితేనే
మూడు ఎర్ర పోగులు.

ప్రయోగశాలలో రెండేళ్లు కూర్చుని
నేను తెలుసుకున్నది ఇంకొకటుంది.
ఒకే పసుపు ద్రవ్యాన్ని
ఒక కత్తెర ఇటు కోస్తే పోగులోని ఎరుపు.
కాస్త దూరం పోయాక ఇంకో కత్తెర అటు కోస్తే
దాహం కబురు,
ఆకు మీది నోళ్లన్నీ మూసుకోమని.
రంగూ దాహమూ ఒక తల్లి పిల్లలే.

ఖాలాకి చెప్పాను.
“దీనికి రెండేళ్లా?
మా చెల్లెలూ నేనూ అంతేగా” అంది.

ఎండెక్కాక గదిలో
పూలగుట్ట చుట్టూ చేరాం.
గిల్లడం, లాగడం, రేకులు పారెయ్యడం.
నూటయాభై పూలకి ఒక్క గ్రాము.
సమోవర్ సణుగుతోంది.
ఉన్నట్టుండి ఖాలా వేళ్లు ఆగాయి.
ఆ వేళ్లు ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

అరచేతిలో ఒక పువ్వు. కేసరాలు లేవు.
వాటి చోట ఎర్రగా మూడు,
మధ్యలో మామూలుగా ఇంకో మూడు.

నా గొంతు ఎండిపోయింది.
అక్కడ రెండో జట్టు నోరు మెదపలేదు.
ఎవరో ఊరుకున్నందుకు
ఎరుపు రెట్టింపయింది.

పుప్పొడి లేదన్న బెంగ లేదు,
కుంకుమపువ్వు ఎన్నడూ గింజ కట్టదు.
మూడేసి క్రోమోజోములు, జత కుదరవు.
దుంప పక్కన పిల్లదుంప,
ఒక చేతి నుంచి ఇంకో చేతికి,
అదే దాని వంశం.
నాకు కావలసింది పువ్వు కాదు, దుంప.

మొన్న వేసవి నలభై మూడు దాటింది.
పక్క మడి మొత్తం ఆకులతోనే సరిపెట్టుకుంది.
ఖనాత్‌లో నీళ్లు మోకాలి నుంచి చీలమండకి దిగాయి.
ఆ మంటలోనే ఇది ఆరు పోగులు పోసింది.
ఎండ తప్పా, జన్యువు తప్పా?
అసలు తప్పేనా?
వచ్చే ఏడు మళ్లీ పూస్తే గాని తెలీదు.

“ఏ సాలులో కోశావు ఖాలా?”

ముందు కూలి అడిగింది,
తూకంలో పోతుంది కదా అని.
ఇచ్చాను. రెండుసార్లు లెక్కపెట్టుకుంది.
నా సీసాలోకి నాలుగు పోగులు వదిలింది.
రెండు చెయ్యి జారినట్టు తన పళ్లెంలో పడ్డాయి.

“సాలా? మరిచిపోయాను” అంది
పంటి కింద చక్కెర పలుకు పెట్టుకుని,
టీ చప్పరిస్తూ, కిటికీలోంచి
పొలంలో ఒకే చోటికి చూస్తూ.

సాయంత్రం ఒక్కదాన్నే అటు వెళ్లాను.
మూడో కాలవ గట్టున
మట్టిలో సగం కూరుకుని నీలం పూస,
నిన్న ఆమె మెడలో ఉన్నదే.
అంటే పొద్దునే చూసింది.
గదిలో ఆగిన వేళ్లు నా కోసం ఆగాయన్నమాట.

పూస మీదికి
ఇంకాస్త మట్టి తోసి వచ్చేశాను.